మా కోడలు వినోద ఇంట్లో చెప్పని మాట

మా కోడలు వినోద తీర్చిన మొదటి తగవు రఘుపతి పట్టీల బట్ట తగవు. అది తీరడానికి నాలుగు నెలలు పట్టింది. అంతకుముందు మన మగ్గాలవాళ్ల సంఘం పెద్దల ముందు పెట్టి చూశాం, ఆ పెద్దల్లో నేనూ ఒకణ్ణి, తీరలేదు. వకీలు నోటీసు పోయింది, తీరలేదు. సూరత్‌లో అమ్రోలి దిక్కు సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, నడిపే రఘుపతికీ, అతని బట్ట కొనే రింగ్ రోడ్డు సేటుకూ మొహాలు చూసుకోవడం కూడా పోయింది. ఆ ఇద్దరినీ ఒక బల్లకు చెరోవైపు కూర్చోబెట్టి, ఒకే కెటిల్‌లోని చాయ్ తాగించింది మా ఇంటి పిల్ల. సంఘం పుస్తకానికి వినోద గురించి రాయమని నన్ను అడిగినప్పుడు ముందు ఇదే రాయాలనుకున్నాను.

నేను మార్కండేయను. మాది పరకాల దిక్కు. మా ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివి, సూరత్ వచ్చి వైపనిలో చేరాను. వైపని అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. సాంచా మీద పాత పడుగు అయిపోవస్తుంటే పోగులు చుట్టిన కొత్త బీము ఎక్కించి, పాత పోగు కొసకు కొత్త పోగు కొసను ఒక్కొక్కటిగా ముడివేసి అతకడమే వైపని. నేను వేసిన ముడి ఊడిందని ఇన్నేళ్లలో ఏ సేటూ అనలేదు. మన బస్తీ బడిలో తెలుగు పిల్లలకు గది వచ్చింది నేను సంఘం అధ్యక్షుడిగా ఉన్నప్పుడే. గుడి ముందు బోరింగు కూడా అప్పుడే పడింది. ఇవన్నీ ఎరిగినవాళ్లు ఇంకా ఉన్నారు. అయితే ఇక్కడ రాయవలసింది నా గురించి కాదు.

రఘుపతి నేసిచ్చిన బట్టను సేటు మిల్లుకు పంపి రంగు వేయిస్తే అడ్డంగా పట్టీలు తేలాయి. రెండు రకాల పోగు కలిపి నేశావని సేటు, మిల్లువాడు పాడుచేశాడని రఘుపతి. సేటు ఊరుకోకుండా రఘుపతి కల్తీ మనిషని మార్కెట్టంతా చెప్పాడు. దాంతో రఘుపతి దగ్గర బట్ట తీసుకునేవాళ్లు లేకుండా పోయారు.

వినోద అప్పటికి ఒక వకీలు దగ్గర కాగితాలు టైపు చేసేది. పుట్టింది సూరత్‌లోనే, గుజరాతీ బడిలో చదివింది, హిందీ చెప్పనక్కరలేదు. ఆ వకీలే ఆమెను మధ్యవర్తిత్వం శిక్షణకు పంపాడు. వ్యాపారుల తగాదాలు కోర్టుకు పోకముందే కూర్చోబెట్టి మాట్లాడించే కేంద్రం ఒకటి మార్కెట్‌వాళ్లు నడుపుతున్నారు. శిక్షణ అయినాక ఆమె పేరు అక్కడి పట్టికలో చేరింది. మన మగ్గాలవాళ్లలో ఆ పట్టికకెక్కిన మొదటి మనిషి మా కోడలే.

అక్కడి పద్ధతి మన పంచాయితీ పద్ధతి కాదు. మన దగ్గర ఎవరేం చెప్పినా అందరి ముందే చెప్పాలి. ఒక్కణ్ణి పక్కకు పిలిచి మాట్లాడిన పెద్దమనిషిని మనం నమ్మం. వినోదేమో ముందు ఇద్దరినీ కలిపి వింటుంది, తర్వాత ఒక్కొక్కరినీ విడిగా, తలుపు వేసి వింటుంది. లోపల విన్నది బయట చెప్పదు. చెప్పమని ఆ మనిషే అంటే తప్ప అవతలివాడికీ చెప్పదు.

రఘుపతి మా ఇంటికొచ్చి గడపలోనే మొదలుపెట్టాడు.

"మార్కండేయ కాకా, నీ కోడలు ఆ సేటును లోపటికి తీస్కపోయి తలుపేసుకున్నది. ఏం మాట్లాడినవమ్మా అంటె చెప్తలేదు. గిదేం పంచాతి?"

వినోద పొయ్యి ముందు రొట్టెలు కాలుస్తోంది. తల తిప్పకుండానే జవాబిచ్చింది.

"రేపు నిన్ను గూడ తీస్కపోత అన్నా. నువ్వు చెప్పింది ఆ సేటుకు చెప్ప."

"నాకేం దాపరికం! నేను చెప్పేది బజార్ల నిలవడి చెప్త!"

"నువ్వు బజార్ల చెప్పింది సూరతంత ఇన్నది. బజార్ల చెప్పంది ఏమన్న ఉంటె, గది చెప్పు రేపు."

మా ఆవిడ బాలవ్వ అతనికి రెండు రొట్టెలు పెట్టింది. తిని వెళ్లాడు. మర్నాడు లోపలికి పోయాడు.

లోపల ఎవరేం చెప్పుకున్నారో నాకు ఈనాటికీ తెలియదు. బయటికి వచ్చిన ఒప్పందం మాత్రం అందరికీ తెలుసు. పట్టీలు పడ్డ బట్టకంతా నలుపు, ముదురు నీలం వేయించారు. ముదురు రంగులో పట్టీ కనపడదు. ఆ బట్ట లోపలి అస్తరుకు అమ్ముడుపోయింది. సేటు ఒకరోజు రఘుపతి భుజం మీద చేయి వేసి మార్కెట్ ఆ కొస నుంచి ఈ కొస దాకా నడిచాడు. రఘుపతికి కావలసింది ఆ నడకేనని మా పంచాయితీలో ఎవరికీ తట్టలేదు.

"అది నీకెట్ల తెల్సింది బిడ్డా?" అని అడిగాను.

"నేనేం జేయలే మామా. వాళ్లకు వాళ్లే చెప్పుకున్నరు."

"నాకు గూడ చెప్పవా?"

"చెప్పిన గద."

"ఏం చెప్పినవ్?"

"చెప్పనని."

బాలవ్వ పక్కకు తిరిగి నవ్వింది. ఆ రోజుల్లో మా ఇంట్లో నవ్వు ఉండేది.

తర్వాత వినోద తీర్చినవి రాస్తే ఈ పుస్తకం చాలదు. పోగు దుకాణం తండ్రీకొడుకులు దుకాణం మధ్యలో గోడ కట్టబోతే, కట్టకుండా తీర్చింది. ఒకే పువ్వు డిజైను కోసం కొట్టుకున్న ఇద్దరు చీరల సేట్లకు ఒకరికి యూపీ, ఒకరికి బెంగాల్ దిక్కు అమ్ముకునేలా ఒప్పందం కుదిరింది. ఆ ఇద్దరూ ఈనాటికీ దీపావళికి మా ఇంటికి డబ్బా మిఠాయి పంపుతారు. హజీరా కంపెనీకి లారీలు తిప్పే ఇద్దరు భాగస్తులైతే విడిపోదామని వచ్చి, కలిసి ఇంకో లారీ కొనాలని నిర్ణయించుకుని పోయారు. కేంద్రంవాళ్లు ఆమెను వేదిక మీదికి పిలిచి గుజరాతీలో మాట్లాడించారు. నేను ముందు వరుసలో కూర్చున్నాను. ఒక ముక్క అర్థమైంది, ఒక ముక్క కాలేదు. చప్పట్లు మాత్రం అన్నిటికీ కొట్టాను.

తీరనివి కూడా ఉన్నాయి. ఏవని అడిగితే అవీ చెప్పదు.

ఇక మా కొడుకు మహేశ్ సంగతి. మీసం రాకముందే ఖాతాలో చేరాడు. ఖాతా అంటే మనకు సాంచాల షెడ్డు. ముందు సాంచా నడిపాడు, తర్వాత సాంచాలు బాగుచేసే జాబర్ అయ్యాడు. శబ్దం విని ఏ సాంచా ఎక్కడ చెడిందో చెప్పగలడు. సొంతంగా సాంచాలు పెట్టుకోవాలన్నది అతని ఒకే ఒక కోరిక. వేరే కోరిక నేనెన్నడూ అతని నోట వినలేదు. సినిమాకు పోదామని కూడా అడిగినవాడు కాదు.

పోయిన సంవత్సరం వానాకాలంలో కనకయ్య సాంచాలు అమ్మకానికి వచ్చాయి. కనకయ్యది మన పక్క ఊరే. మోకాళ్లు పోయాయి, ఇక ఊరికి పోతానన్నాడు. అతనివి ఎనిమిది సాంచాలు, అమ్రోలి దాటాక ఒక షెడ్డులో కిరాయికి నడుస్తున్నాయి. ఆ షెడ్డు కమలాకర్, ఉమాకాంత్ అనే అన్నదమ్ములది. వాళ్లూ మనవాళ్లే.

ఆ సాయంత్రం మహేశ్ జిలేబీ పొట్లంతో వచ్చాడు. మనవరాలు హారతి ఎదురుపోయి పొట్లం లాక్కుంది.

"పప్పా, ఆజ్ క్యా హై? ఎవలి బర్త్‌డే?"

"కనకయ్య కాకతోని మాట్లాడిన. సాంచాలు మనకే ఇస్తనన్నడు," అన్నాడు మహేశ్, పాపకు కాదు, నాకు.

వినోద చేతిలో జిలేబీ ముక్క ఉంది. అది నోట్లో పెట్టుకోలేదు, కింద పెట్టలేదు. పట్టుకునే ఉంది. నేను చూశాను. సంతోషమనుకున్నాను.

అప్పటికి ఇంట్లో ఎవరికీ తెలియనిదేమిటో ఇక్కడే చెప్తాను. ఇది నాకు దీపావళి తర్వాత ఉమాకాంత్ తన నోటితో చెప్పాడు. పుస్తకంలో రాస్తానంటే, "రాసుకో కాకా, ఇగ దాచేదేమున్నది" అన్నాడు. కమలాకర్‌నూ అడిగాను. అతనూ రాసుకోమన్నాడు.

ఆ అన్నదమ్ములు తమ షెడ్డును బిల్డరుకు ఇచ్చేయాలని అనుకున్నారు. దీపావళికి సాంచాలు ఆగుతాయి కదా, మళ్లీ తెరవకుండా కూలగొట్టాలని మాట. ఎవరి వాటా ఎంతన్న దగ్గర వాళ్లిద్దరికీ పేచీ వచ్చి కేంద్రానికి పోయారు. వాళ్ల తగవు వినోదకే వచ్చింది. ఈ మాట కిరాయిదారులకు పొక్కితే ముందే రాద్ధాంతమవుతుంది కనుక దీపావళి దాకా గది దాటకూడదని ఇద్దరూ అడిగారు. దాటదని వినోద మాట ఇచ్చింది, సంతకం కూడా పెట్టింది. ఆ కేంద్రంలో అందరూ పెట్టే సంతకమే అది. మహేశ్ జిలేబీ తెచ్చింది ఆ తర్వాత.

మర్నాడే ఆమె అన్నదమ్ములిద్దరినీ కూర్చోబెట్టిందట. ఉమాకాంత్ చెప్పిన మాటలే రాస్తున్నాను.

"మా ఇంటాయిన మీ షెడ్డుల కనకయ్య సాంచాలు తీస్కుంటుండు. ఇగ నేను మీ పంచాతి చెయ్యరాదు. నాకు మీరు ఒక్కటే సెలవియ్యుండ్రి. ఆయనకు ఈ ఒక్క మాట చెప్పుకుంట," అందట.

ఉమాకాంత్ మెత్తబడ్డాడు. కమలాకర్ పడలేదు.

"ఇయ్యాల నీ మొగనికి చెప్తవ్. ఆయన కనకయ్యకు చెప్తడు. కనకయ్య షెడ్డంత చెప్తడు. పంచాతి ఇడిచిపెడ్తనంటె ఇడిచిపెట్టమ్మా, నీ ఇష్టం. కని ఇన్న మాట ఇన్నట్టె ఉండాలె. గట్ల ఉంటదనే గద నీ తానకి వచ్చింది?"

వినోద తన ఫైలు ఇంకో మధ్యవర్తికి అప్పగించి, సంచి భుజానికి వేసుకుని వెళ్లిపోయిందట. అంటే ఆ తగవు తీర్చిన పేరూ ఆమెకు రాలేదు. ఆ పని చేసింది ఇంకొకరు.

ఇంట్లో ఆమె మహేశ్‌తో అన్నది ఒకే మాట. "జర ఆగరాదు?"

"ఎందుకు?"

"ఊకెనే."

"పదిహేనేండ్ల సంది ఆగుతనే ఉన్న గదా," అన్నాడు మహేశ్.

బయానా, అంటే అడ్వాన్సు, ఇవ్వడానికి ముందు, ఆదివారం, అందరం అన్నాలకు కూర్చున్నాం. బాలవ్వ ఒక మాట ఎత్తింది. అమ్రోలి అవతలి షెడ్డు ఇంటికి దూరం. మన బస్తీ వెనకే వేరే ఖాతాలో ఒక వరుస ఖాళీ ఉందని పక్కింటి వజ్రమ్మ చెప్పిందట. సాంచాలు కొన్నాక విప్పి ఇక్కడికి తెచ్చుకుంటే అన్నం డబ్బా కూడా వేడివేడిగా పంపవచ్చు.

"సాంచాలు ఇప్పాల్నంటె పడుగు కొయ్యాలె గదనే అవ్వా," అన్నాడు మహేశ్.

"కోస్తేంది? మల్ల అతుకుతరు. మీ బాపు ఉన్నడు గద."

ఇక్కడ మా ఇంటి ఆచారం చెప్పాలి. కొత్తగా సాంచా చేతికొస్తే మేం నడుస్తున్న పడుగు మీదనే అందుకుంటాం. అమ్మేవాడు జానెడు బట్ట నేసి ఆపుతాడు. కొనేవాడు అక్కడే నిలబడి, అదే పడుగు మీద, ఆ బట్టకు ఆనుకుని తర్వాతి పేక వేస్తాడు. పడుగు కోసి తెచ్చిన సాంచా తిండి పెట్టదని మా నాయన చెప్పేవాడు, ఆయన నాయన చేతిమగ్గం గురించి చెప్పేవాడు. ఊళ్లో మా మగ్గాలు అలాగే చేతులు మారాయి. నేను ఇవాళైనా అదే చెప్తాను.

ఆ పూట కూడా అదే చెప్పాను.

"ఇగ ఇన్నవా?" అన్నాడు మహేశ్ తల్లితో. "మొదటి సాంచాలు. పడుగు కోసి తెచ్చుకుంటనా?"

"మీ తాత ముచ్చట్లు మీ తాతతోనే పోయినయి. ఇది సూరత్," అంది బాలవ్వ. "వినోదా, సదువుకున్నదానివి, నువ్వు చెప్పు. ఈడికి తెచ్చుకుంటె మంచిగుండదా?"

అందరం వినోద వైపు చూశాం. మహేశ్ కూడా. వాడు పెళ్లాం మాట తీసేసే మనిషి కాదు. ఇల్లు మారినా, పిల్ల బడి మారినా, ఆమె ఊ అంటేనే. ఆ రోజు ఆమె "అత్తమ్మ చెప్పింది బాగుంది" అంటే వాడు ఆచారం పక్కన పెట్టేవాడే. నేను రెండు రోజులు మూతి ముడుచుకుని ఊరుకునేవాణ్ణి. సాంచాలు మన బస్తీ వెనక్కు వచ్చేవి.

వినోద అన్నంలో వేళ్లు పెట్టి ఉంచింది. ముద్ద కలపలేదు.

"మీ ఇష్టం," అంది.

"గదేంది?" అంది బాలవ్వ.

"మీ ఇష్టం అత్తమ్మా. నన్నడగకుండ్రి."

లేచి కంచం కడగడానికి పోయింది. కంచంలో అన్నం అలాగే ఉంది. హారతి, "మమ్మీ, ఇత్నా సారా వదిలేసినవ్!" అంటే, ఆ పాపను కూడా కసరలేదు.

మంచిరోజు చూసి పోయాం. కనకయ్య జానెడు నేసి సాంచా ఆపి, కళ్లు తుడుచుకున్నాడు. మహేశ్ నిలబడి మీట లాగాడు. పడుగు తెగలేదు, చప్పుడు మళ్లీ మొదలైంది. ఎనిమిదింటి మీదా అలాగే అందుకున్నాడు. వినోద వచ్చింది, కొబ్బరికాయ పట్టుకుంది, సాంచాలకు కర్పూరం వెలిగించింది. ఫోటోలో ఆమె కూడా ఉంది. ఆ ఫోటో ఇప్పుడు నేను తీసి చూడను.

దీపావళి దాకా సాంచాలు నడిచాయి. బాగా నడిచాయి. మహేశ్ ఇంటికొచ్చి స్నానం చేసి, మళ్లీ పోయి చూసి వచ్చేవాడు.

సెలవులై లాభ్ పాంచమ్ నాడు, సూరత్ అంతా దుకాణాలు, ఖాతాలు తెరిచే రోజు, మహేశ్, నేను పూలదండలు తీసుకుని పోయాం. షెడ్డు గేటుకు కొత్త తాళం. పక్కన బిల్డరు బోర్డు. లోపల మన సాంచాలు. కమలాకర్ వచ్చి తాళం తీసి, కిరాయి గడువు అయిపోయింది కనుక సామాను తీసుకుపోవాలని కిరాయిదారులందరికీ చెప్పాడు. గొంతు పెంచలేదు. కరెంటు అప్పటికే తీసేశారు. కిరాయిదారుల్లో ఎవరో అడిగారు, "గిది ఎన్నడనుకున్నరు?" అని. "వానకాలంల. సెంటర్ల కూసోని మాట్లాడుకున్నం," అన్నాడు కమలాకర్.

మహేశ్ నా వైపు చూశాడు. సెంటర్ అంటే వినోద పోయే కేంద్రమని మా ఇద్దరికీ తెలుసు.

ఇంటికొచ్చాక వాడు అరవలేదు. వినోద గోడకు ఆనుకుని నిలబడింది.

"నీకు తెల్సు," అన్నాడు.

ఆమె తల ఊపింది.

"ఆ పూట అవ్వ అడిగింది. నువ్వు అవునంటె సాలుతుండె. ఒక్క మాట. ఎందుకని గూడ నేను అడిగెటోన్ని కాదు."

"అవునంటె చెప్పినట్టే గద."

"షెడ్డోళ్లకు మాటిచ్చినవ్. నాకియ్యలేదా?"

హారతి హోంవర్కు చేసుకుంటోంది. పెన్సిల్ చప్పుడు వినపడింది. అంతే.

అందరూ ఒకేసారి వెతుకులాడేసరికి ఎక్కడా జాగా దొరకలేదు. మన బస్తీ వెనక వరుస ఎప్పుడో నిండిపోయింది. జాగా ఉన్నచోట కరెంటు కనెక్షను లేదు. పాత రకం సాంచాలు, ఇప్పుడందరూ నీటి ధారతో నేసే కొత్త సాంచాల దిక్కు పోతున్నారు. షెడ్డు ఖాళీ చేయడానికి ఇచ్చిన గడువు దగ్గరపడింది. విప్పక తప్పలేదు.

విప్పాలంటే పడుగులు కోయాలి. మహేశ్ చేయి వేయలేదు. గేటు బయట నిలబడ్డాడు. ఎన్ని వేల పడుగులు అతికానో లెక్కలేని నేనే కత్తెర తీసుకున్నాను. వినోద నా వెనకే వచ్చింది. నేను కోస్తుంటే, పోగులు జారి నేలపాలు కాకుండా కొసలు కూడగట్టి ముడి వేసింది. ఒక సాంచా అయ్యాక ఇంకోదాని దగ్గరికి పోయాం. ఏడుపు నాకూ రాలేదు, ఆమెకూ రాలేదు. చివరిది కోశాక ఆమె నా చేతిలోంచి కత్తెర తీసుకుని సంచిలో వేసుకుంది.

సాంచాలు పాత ఇనుము కింద తూకానికి పోయాయి. మహేశ్ హజీరాలో ఒక కంపెనీకి కాంట్రాక్టు కింద చేరాడు. పొద్దున బస్సు ఎక్కుతాడు, సాయంత్రం దిగుతాడు. ఇంట్లో గొడవ లేదు. వినోద అన్నం పెడుతుంది, వాడు తింటాడు. ఉప్పు కావాలంటే హారతితో అడుగుతాడు. టీవీ పెడతాం. ఏం వచ్చిందంటే చెప్పలేను. బాలవ్వ మొదట్లో ఇద్దరి మీదా కోపం చేసింది, తర్వాత అదీ మానేసింది. ఇది చలికాలం. సూరత్‌లో చలి ఎంత ఉంటుంది? అయినా మేం తలుపులు వేసుకునే కూర్చుంటున్నాం.

బస్తీ ఊరుకోలేదు. నల్లా దగ్గర వజ్రమ్మ అందట, "గంత గట్టిగ మూస్కున్న నోరు ఏం నోరమ్మా! సొంత మొగని కొంప మునుగుతాంటె!"

బాలవ్వ బిందె ఎత్తుకుంటూ, "నీ నోరు గట్ల మూస్కపోతె బస్తీ ఎప్పుడో బాగుపడుతుండె," అందట. ఇంటికొచ్చి మాత్రం కోడలితో ఆ మాట చెప్పలేదు. నాకు చెప్పింది.

కమలాకర్‌ను నేను గుడి దగ్గర అడిగాను. మన కులపోడివే, మన పిల్లగాడి సంగతి తెలిసి కూడా ఎట్లా ఊరుకున్నావని. "మీ ఒక్కలకు చెప్పనిస్తే ఇరవై మంది కిరాయిదారులకు చెప్పినట్టే కాకా. నేను తప్పు జేసిన్నంటె అను. కని నీ కోడలు మాత్రం మనిషి," అన్నాడు. నేను చెప్పులు వేసుకుని వచ్చేశాను.

ఇంకో సంగతి. దీపావళి తర్వాత వినోద దగ్గరికి వచ్చే తగవులు తగ్గుతాయనుకున్నాను. పెరిగాయి. మునుపు మన మగ్గాలవాళ్లు ఆమె దగ్గరికి పోవాలంటే జంకేవాళ్లు, మాట బయట పడుతుందని. ఇప్పుడు జంకడం లేదు. వకీలు కాగితం మీద ఎంత రాసినా రాని నమ్మకం మా ఎనిమిది సాంచాలతో వచ్చింది. ఇది గొప్పగా చెప్పుకోవచ్చునో లేదో నాకు తెలియదు. మునుపైతే అడగకుండానే చెప్పేవాణ్ణి. ఇప్పుడు పుస్తకంలో ఉండాలి కనుక రాస్తున్నాను.

ముంబై పక్కన భీవండి నుంచి ఫోను వచ్చింది. అక్కడా మనవాళ్ల సాంచాలే. ఒక్క తాత మనవలు, మూడు కుటుంబాలు, పోగు కొనుగోలు, ఖాతా, బట్ట అమ్మకం అన్నీ కలిపి చేస్తూ ఇప్పుడు విడిపోలేక కలవలేక కోర్టు దాకా వచ్చారు. ఫోను నేనే ఎత్తాను. అవతల పెద్దమనిషి నన్ను ఎరగడు.

"మీ సూరత్‌ల ఒక ఆడామె ఉన్నదట గద, తన మొగనికి గూడ చెప్పలేదట. గామెనే కావాలె మాకు," అన్నాడు.

"గామె మా కోడలే," అన్నాను.

"అయితె జర అడుగుండ్రి పెద్దమనిషీ," అన్నాడు.

అడిగాను. పోతానంది. అందరితో కలిపి, తర్వాత ఒక్కొక్కరితో, మళ్లీ కలిపి, నెల పడుతుందంది. సంక్రాంతి పతంగులు అయిపోయిన వారం, మహేశ్ డ్యూటీలో ఉండగా, రైలెక్కింది. సంచి నేనే మోశాను. ఎప్పుడు వచ్చేది వంటగదిలో అత్తకు చెప్పింది. మహేశ్‌కు చెప్పిందో లేదో నాకు తెలియదు. వాడు అడిగినట్టు లేదు.

భీవండి నుంచి రోజూ హారతితో మాట్లాడుతుంది. ఏం కూర తిన్నావు, జడ ఎవరు వేశారు. తగవు ఎంతవరకు వచ్చిందని ఒకసారి నేను ఫోను తీసుకుని అడిగాను. "మంచిగున్న మామా," అంది.

నిన్న సాయంత్రం ఇద్దరు మనుషులు బండి మీద వచ్చారు. లేసు పట్టీల వ్యాపారంలో భాగస్తులట. ఒకడు ముందు కూర్చున్నాడు, ఒకడు వెనక, ఇద్దరి మధ్యా ఒక సంచి. నేను అరుగు మీద ఉన్నాను. అప్పుడే మహేశ్ కంపెనీ బస్సు దిగి వచ్చి బూట్లు విప్పుకుంటున్నాడు.

"వినోద మేడం ఇల్లు ఇదేనా అన్నా?"

నేను జవాబు చెప్పబోయాను. మహేశ్ తల ఎత్తలేదు.

"ఇదే. ఇంట్ల లేదు. భీవండి పోయింది."

"జర అర్జెంటుండె. మా ఇద్దరి పంచాతి..."

"ఇద్దరు ఒక్క బండి మీద వచ్చిండ్రు, మంచిదే. కని లోపటికి ఒక్కలొక్కల్నే పిలుస్తది. అవతలాయిన ఏం చెప్పిండని అడగకుండ్రి, చెప్పది. మాకాడికొచ్చి గూడ అడగకుండ్రి. మాకు గూడ చెప్పది."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. వెనక కూర్చున్నవాడు, "అందుకే వచ్చినం అన్నా," అన్నాడు. "మల్ల ఎప్పుడొస్తది?"

మహేశ్ రెండో బూటు విప్పి గోడకు చేర్చి పెట్టాడు.

"ఫిబ్రవరి పదకొండు, బుధారం."